4కెలో గేమ్ ఆడితే యాంటీ-ఎలియాసింగ్ అవసరమా? బోధన్ చెరుకు తోట లెక్కతో తేల్చేద్దాం

"4కె మానిటర్ ఉందా? అయితే యాంటీ-ఎలియాసింగ్ ఆఫ్ చేసేయ్, దండగ." పీసీ గేమింగ్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు ఈ సలహా ఇచ్చే ఉంటారు. నిజామాబాద్‌లో నాకు తెలిసిన గేమర్లలో సగం మంది ఇదే నమ్ముతారు. మిగతా సగం మంది దీనికి పూర్తిగా రివర్స్: ఏ గేమ్ ఓపెన్ చేసినా ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి 8ఎక్స్ పెట్టేస్తారు, తర్వాత గేమ్ ఆగి ఆగి నడుస్తోందని తలపట్టుకుంటారు.

ఇది ఊరికే వాదించుకునే విషయం కాదు. దీని వెనక డబ్బు ఉంది. "ఏఏ అక్కర్లేదు కాబట్టి గ్రాఫిక్స్ కార్డు చిన్నది చాలు, మిగిలిన డబ్బుతో 4కె మానిటర్ తీసుకుందాం" అని లెక్క వేసుకునేవాళ్లు చాలా మంది ఉన్నారు. ఆ లెక్క తప్పితే రెండు మూడేళ్లు దాంతోనే సర్దుకుపోవాలి.

ముందుగా షార్ట్‌గా జవాబు చెప్పేస్తాను: రిజల్యూషన్ పెరిగితే అంచుల మీద కనిపించే మెట్లు చిన్నవవుతాయి. కానీ కదిలేటప్పుడు సన్నని వస్తువుల్లో వచ్చే మినుకు మినుకు పోదు, కాస్త దూరం జరుగుతుందంతే. అందుకే 4కెలో కూడా ఏఏ కావాలి, కాకపోతే 1080పీలో వాడిన రకం కాదు. ఎందుకో ఇప్పుడు వివరంగా చూద్దాం.

అసలు ఈ మెట్లు ఎక్కడి నుంచి వస్తాయి?

స్కూల్‌లో గ్రాఫ్ పేపర్ వాడే ఉంటారు. దాని మీద ఒక ఏటవాలు గీత గీయాలి, కానీ రూల్ ఏంటంటే గడిని పూర్తిగా నింపాలి లేదా పూర్తిగా ఖాళీగా వదిలేయాలి. సగం గడి నింపడం కుదరదు. అప్పుడు గీత నున్నగా రాదు, మెట్లు మెట్లుగా వస్తుంది. మానిటర్ కూడా ఒక గ్రాఫ్ పేపరే. 1080పీ అంటే 20,73,600 గడులు. 4కె అంటే 82,94,400 గడులు, అంటే సరిగ్గా నాలుగు రెట్లు.

ప్రతి గడి మధ్యలో ఒక చుక్క ఉందనుకోండి. గ్రాఫిక్స్ కార్డు ఆ చుక్క దగ్గర ఏ వస్తువు ఉందో చూస్తుంది. ఆకు ఉంటే గడి మొత్తం ఆకుపచ్చ, ఆకాశం ఉంటే గడి మొత్తం నీలం. గడిలో సగం ఆకు, సగం ఆకాశం ఉన్నా సరే, చుక్క మీద ఏది పడితే దానిదే రాజ్యం. ఇలా ఒక్క చుక్కతో గడి మొత్తాన్ని తీర్పు చెప్పేయడం వల్ల వచ్చే తప్పునే ఎలియాసింగ్ అంటారు.

ఇది కొత్త సమస్య కూడా కాదు. కంప్యూటర్ బొమ్మల్లో ఈ తప్పు ఎందుకు వస్తుందో, ఎలా తగ్గించాలో ఫ్రాంక్ క్రో అనే పరిశోధకుడు 1977లోనే ఒక పేపర్ రాశారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా మందు మారుతూ వచ్చింది, జబ్బు మాత్రం అదే.

మందు వెనక ఆలోచన సింపుల్. గడిలో ఒక్క చుక్క బదులు నాలుగు చుక్కలు పెట్టి చూడండి. రెండు ఆకు మీద, రెండు ఆకాశం మీద పడితే ఆ గడికి రెండు రంగులూ సగం సగం కలిపి వేయండి. అంచు నున్నగా కనిపిస్తుంది. ఏఏ రకాలన్నీ ఈ ఒక్క ఆలోచనకు వేరు వేరు రూపాలు, లేదా దీన్ని తక్కువ ఖర్చులో నటించే ప్రయత్నాలు.

మెట్లు వేరు, మినుకు వేరు

చాలా మంది ఇక్కడే పొరపడతారు. ఎలియాసింగ్ అనగానే బిల్డింగ్ అంచు మీద కనిపించే మెట్లే గుర్తొస్తాయి. కానీ గేమ్‌లో కంటిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది రెండో రకం: ఒక పిక్సెల్ కన్నా సన్నగా ఉన్న వస్తువులు.

నిజామాబాద్ నుంచి బోధన్ రోడ్డు మీద వెళ్తుంటే రెండు వైపులా పొలాలు చూసే ఉంటారు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో ఈ ప్రాంతంలో చెరుకు సాగు పెరిగింది. 1930లలో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గి వరి పెరిగింది. చెరుకైనా, వరైనా మన లెక్కకు ఒకటే: సన్నని ఆకులు, వేల సంఖ్యలో, గాలికి ఊగుతూ, కనుచూపు మేర దాకా. దానికి తోడు పొలం మీదుగా కరెంటు తీగలు. ఎలియాసింగ్‌కు ఇంతకన్నా కఠినమైన పరీక్ష నేను ఊహించలేను.

ఈ సీన్‌ను గేమ్‌లో పెట్టామనుకుందాం. కెమెరా అడ్డంగా 90 డిగ్రీలు చూస్తోంది. అప్పుడు 100 మీటర్ల దూరంలో స్క్రీన్ మీద 200 మీటర్ల వెడల్పు పొలం కనిపిస్తుంది. 1080పీలో ఆ 200 మీటర్లను 1920 పిక్సెల్స్ పంచుకుంటాయి. అంటే ఒక్కో పిక్సెల్ వాటా సుమారు 10.4 సెంటీమీటర్లు. 4కెలో 3840 పిక్సెల్స్ కాబట్టి వాటా 5.2 సెంటీమీటర్లు.

ఇప్పుడు చెరుకు ఆకు వెడల్పు 5 సెంటీమీటర్లు, కరెంటు తీగ మందం 2 సెంటీమీటర్లు అనుకుందాం. ఇవి ఎంత దూరం దాటితే ఒక పిక్సెల్ కన్నా సన్నగా అవుతాయో చూడండి:

- 1080పీ: ఆకు 48 మీటర్లు, తీగ 19 మీటర్లు
- 1440పీ: ఆకు 64 మీటర్లు, తీగ 26 మీటర్లు
- 4కె: ఆకు 96 మీటర్లు, తీగ 38 మీటర్లు
- 8కె: ఆకు 192 మీటర్లు, తీగ 77 మీటర్లు

ఈ నాలుగు లైన్లే ఈ ఆర్టికల్ మొత్తానికి ప్రాణం. 4కెకు వెళ్తే సమస్య మాయం కాలేదు. 48 మీటర్ల దగ్గర ఉన్నది 96 మీటర్ల దగ్గరికి జరిగింది. కానీ గేమ్‌లో పొలం 96 మీటర్ల దగ్గర ఆగదు కదా! దాని తర్వాత ఇంకా అర కిలోమీటరు పంట ఉంటుంది. 8కె పెట్టినా అంతే, ఇంకాస్త ముందుకు నెట్టగలం తప్ప గెలవలేం.

మరి పిక్సెల్ కన్నా సన్నని ఆకు ఏమవుతుంది? కెమెరా ఒక చోట ఉన్నప్పుడు పిక్సెల్ మధ్య చుక్క ఆకు మీద పడుతుంది, ఆకు కనిపిస్తుంది. కెమెరా వెంట్రుకవాసి కదిలితే చుక్క ఆకు పక్కన పడుతుంది, ఆకు మాయం. మళ్లీ కదిలితే మళ్లీ ప్రత్యక్షం. వేల ఆకులు ఒకేసారి ఇలా దాగుడుమూతలు ఆడితే పొలం మొత్తం చీమలు పాకినట్టు మినుకు మినుకుమంటుంది. తీగ అయితే ముక్కలు ముక్కలుగా తెగి, ఆ ముక్కలు పాకుతున్నట్టు కనిపిస్తుంది. ఈ మినుకు స్క్రీన్‌షాట్‌లో తెలియదు. కదిలితేనే తెలుస్తుంది.

మీ స్క్రీన్‌లో పిక్సెల్ మీ కంటికి కనిపిస్తుందా?

ఇప్పుడు మెట్ల సంగతి. ఇక్కడ మాత్రం "4కె అయితే ఏఏ అక్కర్లేదు" అనేవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. కాకపోతే నిజం 4కె అనే పేరులో లేదు. స్క్రీన్ సైజు ఎంత, మీరు ఎంత దూరంలో కూర్చున్నారు అన్నదాంట్లో ఉంది.

మామూలు చూపు ఉన్న కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు వరకు వివరాలను విడదీసి చూడగలదని లెక్క. దాన్ని బట్టి ఏ స్క్రీన్‌కు ఎంత దూరం వెళ్తే విడి పిక్సెల్ కనిపించడం ఆగుతుందో లెక్కేశాను. మొదటి అంకె అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అన్నది, రెండోది ఆ దూరం:

- 24 అంగుళాల 1080పీ మానిటర్: 92, సుమారు 95 సెంటీమీటర్లు
- 27 అంగుళాల 1440పీ మానిటర్: 109, సుమారు 80 సెంటీమీటర్లు
- 43 అంగుళాల 4కె టీవీ: 102, సుమారు 85 సెంటీమీటర్లు
- 32 అంగుళాల 4కె మానిటర్: 138, సుమారు 63 సెంటీమీటర్లు
- 15.6 అంగుళాల 1080పీ ల్యాప్‌టాప్: 141, సుమారు 62 సెంటీమీటర్లు
- 27 అంగుళాల 4కె మానిటర్: 163, సుమారు 54 సెంటీమీటర్లు
- 6.67 అంగుళాల ఫోన్ (2400 x 1080): 395, సుమారు 22 సెంటీమీటర్లు

టేబుల్ ముందు కూర్చుంటే మన కంటికి, మానిటర్‌కు మధ్య మామూలుగా 60 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే 27 అంగుళాల 4కెలో విడి పిక్సెల్స్ కనిపించవు. కానీ 43 అంగుళాల 4కె టీవీని టేబుల్ మీద పెట్టి మానిటర్‌లా వాడితే? దానిలో పిక్సెల్స్ 27 అంగుళాల 1440పీ మానిటర్ కన్నా పెద్దవి! బాక్స్ మీద 4కె అని రాసి ఉన్నా టేబుల్ దగ్గర మెట్లు బాగానే కనిపిస్తాయి. అదే టీవీని గోడకు పెట్టి మంచం మీద నుంచి కంట్రోలర్‌తో ఆడితే మాత్రం సమస్య లేదు.

ఇంకో మెలిక ఉంది. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్ వాడిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ స్కేల్ మీద ఏ గీత ఏ గీతతో సరిగ్గా కలిసిందో మన కన్ను భలేగా పట్టేస్తుంది, తేడా గీత మందం కన్నా చిన్నదైనా సరే. రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయా, పక్కకు జరిగాయా అన్నది పసిగట్టడంలో మన చూపు విడి చుక్కలను చూసే శక్తి కన్నా ఎన్నో రెట్లు పదును. గేమ్‌లో మెట్టు అంటే ఏంటి? వరుసలో ఉండాల్సిన గీత ఒక పిక్సెల్ పక్కకు జరగడమే. అందుకే పిక్సెల్ కనిపించనంత దూరంలో కూర్చున్నా, దాదాపు అడ్డంగా ఉన్న ఏటవాలు గీతలో (రోడ్డు అంచు, కరెంటు తీగ, ఇంటి కప్పు) మెట్టు మాత్రం తెలిసిపోతుంది.

ఏఏ రకాలు, 4కెలో వాటి పరిస్థితి

సూపర్ శాంప్లింగ్ (ఎస్‌ఎస్‌ఏఏ): బొమ్మను పెద్ద సైజులో గీసి చిన్నది చేయడం. క్వాలిటీలో దీనికి సాటి లేదు, ఖర్చులో కూడా! 1080పీలో 4ఎక్స్ సూపర్ శాంప్లింగ్ అంటే కార్డు చేసే పని సరిగ్గా 4కె అంత. ఇక 4కెలో 4ఎక్స్ అంటే 8కె పని. కొత్త గేమ్స్‌లో దీని ఊసు మర్చిపోండి.

ఎంఎస్‌ఏఏ: ఇది తెలివైన రకం. రంగు లెక్క పిక్సెల్‌కు ఒక్కసారే చేసి, వస్తువు అంచు ఎక్కడుందో మాత్రం నాలుగు చుక్కల్లో చూస్తుంది. అంచులు శుభ్రంగా, బొమ్మ పదునుగా ఉంటుంది. కానీ రెండు లోపాలు. ఒకటి, గేమ్స్‌లో ఆకులు, ఇనుప జాలీలు చాలాసార్లు నిజమైన ఆకారాలు కావు. చదునైన రేకు మీద ఆకు బొమ్మ అతికించి, మిగతా భాగాన్ని పారదర్శకంగా వదిలేస్తారు. ఎంఎస్‌ఏఏకు రేకు అంచు తెలుసు, రేకులో ఉన్న ఆకు అంచు తెలియదు. దాన్ని డెవలపర్ ప్రత్యేకంగా చూసుకోవాలి. రెండోది, ఇప్పటి గేమ్ ఇంజిన్లలో చాలా వరకు వాడే డిఫర్డ్ రెండరింగ్ పద్ధతిలో ఎంఎస్‌ఏఏ చాలా బరువు.

4కెలో ఆ బరువు ఎంతో చిన్న లెక్క: ఒక్కో పిక్సెల్‌కు రంగు, లోతు కలిపి 12 బైట్లు అనుకుంటే 4కె ఫ్రేమ్‌కు దాదాపు 100 ఎంబీ. 4ఎక్స్ ఎంఎస్‌ఏఏ పెడితే దాదాపు 400 ఎంబీ. డిఫర్డ్ పద్ధతిలో ఇలాంటి పొరలు నాలుగైదు ఉంటాయి. 8 జీబీ కార్డు మీద ఇది చిన్న విషయం కాదు.

ఎఫ్‌ఎక్స్‌ఏఏ, ఎస్‌ఎంఏఏ: బొమ్మ పూర్తయ్యాక అంచులు వెతికి వాటిని మెత్తబరుస్తాయి. ఖర్చు చాలా తక్కువ. ఆగి ఉన్న బొమ్మలో మెట్లు తగ్గుతాయి. కానీ ఇంతకుముందు చెప్పిన మాయమయ్యే ఆకును ఇవి తిరిగి తేలేవు. ఆ ఫ్రేమ్‌లో లేని ఆకును ఎక్కడని మెత్తబరుస్తాయి?

టీఏఏ: మినుకుకు అసలు మందు ఇదే. ప్రతి ఫ్రేమ్‌లో పిక్సెల్‌లోని చుక్కను కొద్దిగా జరుపుతుంది. ఈ ఫ్రేమ్‌లో దొరకని ఆకు పోయిన ఫ్రేమ్‌లో దొరికి ఉంటుంది కాబట్టి పాత ఫ్రేమ్‌లను కొత్తదానితో కలుపుతుంది. అలా ఒక్కో పిక్సెల్‌కు కాలక్రమంలో ఎన్నో చుక్కల సమాచారం చేరుతుంది. దీని లోపం అందరికీ తెలిసిందే: బొమ్మ కాస్త మసకగా మారుతుంది, వేగంగా కదిలే వస్తువుల వెనక నీడలా తోక కనిపిస్తుంది.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం. టీఏఏ మసక పిక్సెల్ కొలతలో ఉంటుంది. 24 అంగుళాల 1080పీలో పిక్సెల్ పెద్దది కాబట్టి మసక కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 27 అంగుళాల 4కెలో పిక్సెల్ పొడవు, వెడల్పు దాదాపు సగమే కాబట్టి అదే మసక పెద్దగా తెలియదు. కాబట్టి "4కెలో ఏఏ అక్కర్లేదు" అనడం కన్నా "4కెలోనే టీఏఏ బాగా పనిచేస్తుంది" అనడం కరెక్ట్.

డీఎల్‌ఎస్‌ఎస్, డీఎల్‌ఏఏ, ఎఫ్‌ఎస్‌ఆర్, ఎక్స్‌ఈఎస్‌ఎస్: చాలా మంది వీటిని ఎఫ్‌పీఎస్ పెంచే ఆప్షన్లుగానే చూస్తారు. నిజానికి డీఎల్‌ఎస్‌ఎస్ 2 (2020), ఎఫ్‌ఎస్‌ఆర్ 2 (2022), వాటి తర్వాత వచ్చిన వెర్షన్లు టీఏఏ పని కూడా చేస్తాయి. ఇవి ఆన్ చేస్తే గేమ్ సొంత టీఏఏ పక్కకు తప్పుకుంటుంది. "నేను ఏఏ ఆఫ్ చేసి డీఎల్‌ఎస్‌ఎస్ మీద ఆడుతున్నా, అయినా సూపర్‌గా ఉంది" అనే ఫ్రెండ్ మీకు ఉంటే, పాపం ఆయన ఏఏ వాడుతూనే ఉన్నాడు! 4కెలో డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ మోడ్ అంటే కార్డు లోపల 1440పీలో గీసి 4కెకు పెంచుతుంది. డీఎల్‌ఏఏ అయితే పెంచడం ఏమీ ఉండదు, పూర్తి 4కెలో గీసి ఏఏ మాత్రమే చేస్తుంది. ఎఫ్‌ఎస్‌ఆర్ 1 మాత్రం పాత ఫ్రేమ్‌లు చూడదు, దానికి ఏఏ వేరుగా ఉండాలి.

మీ పీసీలో మీరే పరీక్షించుకోండి

నా మాట నమ్మక్కర్లేదు. చెరుకు తోట ఉన్న గేమ్ నిజంగానే ఉంది: ఫార్మింగ్ సిమ్యులేటర్. స్విట్జర్లాండ్‌కు చెందిన జెయింట్స్ సాఫ్ట్‌వేర్ చేసే ఈ సిరీస్‌లో చెరుకు ఒక పంట. 2024 నవంబర్‌లో వచ్చిన ఫార్మింగ్ సిమ్యులేటర్ 25లో వరి కూడా చేర్చారు. అంటే బోధన్ పంటలు రెండూ ఒకే గేమ్‌లో ఉన్నాయి. మన దగ్గర ఈ గేమ్ ఆడేవాళ్లు తక్కువే కానీ ఏఏ పరీక్షకు దీన్ని మించింది లేదు.

ఆ గేమ్ లేకపోతే జీటీఏ 5లో కరెంటు తీగలు, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో చెట్లు, ఫోర్జా హొరైజన్ 5లో రోడ్డు పక్క ఇనుప జాలీలు తీసుకోండి. పద్ధతి ఇది:

1. గేమ్ రిజల్యూషన్ మీ మానిటర్ అసలు రిజల్యూషన్‌కు సమానంగా ఉందో లేదో ముందు చూడండి. టీవీ అయితే పీసీ మోడ్ ఆన్ చేసి షార్ప్‌నెస్ తగ్గించండి. టీవీ షార్ప్‌నెస్ ఎక్కువైతే లేని మెట్లు కూడా కనిపిస్తాయి.
2. ఏఏ ఆఫ్ చేసి, దూరంగా పంట లేదా తీగలు కనిపించే చోట కదలకుండా నిలబడండి. ఇప్పుడు కనిపించేవి మెట్లు.
3. అక్కడి నుంచి మెల్లగా నడవండి, కెమెరాను మెల్లగా తిప్పండి. ఇప్పుడు కనిపించేది మినుకు. దగ్గర ఆకులు బాగుండి దూరం ఆకులు మాత్రమే మినుకుతున్నాయా చూడండి. పైన వేసిన లెక్క మీ కళ్ల ముందే కనిపిస్తుంది.
4. అదే చోట ఎఫ్‌ఎక్స్‌ఏఏ, టీఏఏ, మీ కార్డులో ఉంటే డీఎల్‌ఏఏ లేదా డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ, ఒకదాని తర్వాత ఒకటి మార్చి నడవండి. ఎఫ్‌పీఎస్ కూడా రాసుకోండి.

యూట్యూబ్‌లో పోల్చి చూపించే వీడియోలను మాత్రం పూర్తిగా నమ్మకండి. వీడియో కంప్రెషన్ సన్నని మినుకును మింగేస్తుంది. పైగా 4కె వీడియోను ఫోన్‌లో చూస్తే అది చిన్నదై కనిపిస్తుంది, అంటే మీ ఫోన్ దానికి ఉచితంగా సూపర్ శాంప్లింగ్ చేసినట్టే! "ఏఏ ఆఫ్‌లో కూడా ఎంత నున్నగా ఉందో" అనిపించేది అందుకే.

ఇంకో మాట: రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటి గేమ్స్‌లో టీఏఏ పూర్తిగా ఆఫ్ చేస్తే ఆకులు, వెంట్రుకలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. పాత ఫ్రేమ్‌లు కలుస్తాయన్న నమ్మకంతోనే డెవలపర్లు వాటిని అలా గీశారు. ఇలాంటి చోట 4కె కూడా కాపాడదు. ఫోర్జా హొరైజన్ 5 2021లో ఎంఎస్‌ఏఏతో వచ్చింది, 2022లో టీఏఏ, డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ 2 చేర్చారు. చెట్ల ఆకుల విషయంలో రెంటికీ తేడా చూడాలంటే ఇంతకన్నా మంచి గేమ్ ఉండదు.

ఫోన్‌లో ఆడేవాళ్ల సంగతి

మన సైట్ రీడర్స్‌లో బీజీఎంఐ ఆడేవాళ్లే ఎక్కువ కాబట్టి ఇది కూడా చూద్దాం. ఫోన్‌ను 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే పైన లెక్క ప్రకారం పిక్సెల్ కంటికి కనిపించదు. కానీ గుర్తుపెట్టుకోండి, చాలా ఫోన్ గేమ్స్ స్క్రీన్ పూర్తి రిజల్యూషన్‌లో గీయవు. తక్కువలో గీసి పెంచుతాయి. అందుకే ఫోన్‌లో కూడా దూరంగా ఉన్న గడ్డి, తీగలు మినుకుతాయి.

మంచి విషయం ఏంటంటే, ఫోన్ గ్రాఫిక్స్ చిప్‌లు స్క్రీన్‌ను చిన్న చిన్న పలకలుగా విడగొట్టి, ఒక్కో పలకను చిప్ లోపలి మెమరీలోనే పూర్తి చేస్తాయి. కాబట్టి వాటిలో ఎంఎస్‌ఏఏ పీసీలో ఉన్నంత బరువు కాదు. బీజీఎంఐలో యాంటీ-ఎలియాసింగ్ ఆప్షన్ ఉంటే 2ఎక్స్ పెట్టి చూడండి. ఫోన్ వేడెక్కి ఫ్రేమ్‌లు పడిపోతుంటే ముందు దాన్నే ఆఫ్ చేయండి. ఎందుకంటే పోటీ గేమ్‌లో నిలకడైన ఎఫ్‌పీఎస్ ముఖ్యం. డెవలపర్ ఆప్షన్స్‌లో ఉండే "ఫోర్స్ 4ఎక్స్ ఎంఎస్‌ఏఏ" మాత్రం పాత ఓపెన్‌జీఎల్ ఈఎస్ 2.0 యాప్స్ కోసం. కొత్త గేమ్స్‌కు దాంతో పెద్ద లాభం లేదు, బ్యాటరీ ఖర్చు తప్ప.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి?

బోధన్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఈ మధ్య ఫోన్ చేశాడు. "అన్నా, వడ్ల పైసలు పడ్డంక నాన్న ఒప్పుకున్నడు. 4కె మానిటర్ తీసుకుంటా, ఏఏ ఆఫ్ చేస్తా, కార్డు పాతదే నడుస్తది కదా?" అని అడిగాడు. వాడిది 24 అంగుళాల 1080పీ మానిటర్, దానికి సరిపోయే మామూలు కార్డు. వాడి లెక్కలో ఉన్న తప్పు ఇది: ఏఏ ఆఫ్ చేస్తే మిగిలేది కొంచెమే. 4కెకు వెళ్తే పెరిగే పని నాలుగు రెట్లు. టీఏఏ ఆఫ్ చేసి మిగిల్చుకున్న ఎఫ్‌పీఎస్‌తో ఆ నాలుగు రెట్ల బరువు మోయడం కుదరదు. ఏడాదికి ఒకసారి పంట డబ్బుతో కొనే వస్తువు కాబట్టి, వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను:

- 24 అంగుళాల 1080పీ, మామూలు కార్డు: ఏఏ తప్పనిసరి. టీఏఏ మసక నచ్చకపోతే డీఎల్‌ఏఏ చూడండి. కార్డులో శక్తి మిగిలితే డ్రైవర్‌లో ఉండే డీఎస్‌ఆర్ (ఎన్‌విడియా) లేదా వర్చువల్ సూపర్ రిజల్యూషన్ (ఏఎండీ) ఆన్ చేసి ఎక్కువ రిజల్యూషన్‌లో గీయించి చూడండి. 4కెలో మీ కార్డు ఎంత ఎఫ్‌పీఎస్ ఇస్తుందో మానిటర్ కొనకముందే తెలిసిపోతుంది. మా తమ్ముడికి ముందు ఈ పని చేయమన్నాను.
- 27 అంగుళాల 1440పీ: చాలా మందికి సరైన మధ్యదారి. టీఏఏ లేదా డీఎల్‌ఎస్‌ఎస్/ఎఫ్‌ఎస్‌ఆర్ క్వాలిటీ పెట్టండి.
- 27 లేదా 32 అంగుళాల 4కె: ఎంఎస్‌ఏఏ 8ఎక్స్ లాంటివి మర్చిపోండి. డీఎల్‌ఎస్‌ఎస్ లేదా ఎఫ్‌ఎస్‌ఆర్ క్వాలిటీ మోడ్‌తో మొదలుపెట్టండి. ఎఫ్‌పీఎస్ మిగిలితే డీఎల్‌ఏఏ. ఆర్‌టీఎక్స్ కార్డు లేనివాళ్లకు ఎఫ్‌ఎస్‌ఆర్ 2 లేదా గేమ్ సొంత టీఏఏ.
- 43 అంగుళాల 4కె టీవీ టేబుల్ మీద: మెట్ల విషయంలో దాన్ని 1440పీ మానిటర్‌లాగే చూడండి. ఏఏ ఆఫ్ చేసే ఆలోచన పెట్టుకోకండి.
- కౌంటర్-స్ట్రైక్ 2, వాలరెంట్ ఆడేవాళ్లు: ఇవి తేలికైన గేమ్స్, వీటిలో ఎంఎస్‌ఏఏ ఉంది. 4ఎక్స్ పెట్టినా మీ ఎఫ్‌పీఎస్ మానిటర్ రిఫ్రెష్ రేట్ దాటుతుంటే పెట్టేయండి. దూరంలో ఉన్న శత్రువు తల అంచు స్పష్టంగా తెలుస్తుంది, తోక సమస్య ఉండదు.
- నెమ్మదిగా సాగే పాత గేమ్స్, స్ట్రాటజీ గేమ్స్: 27 అంగుళాల 4కెలో ఏఏ ఆఫ్ చేసి మీకు తేడా తెలియకపోతే అలాగే ఆడండి. ఈ ఒక్క చోట పాత సలహా నిజమే.

తర్వాత ఎవరైనా "4కె అయితే ఏఏ దండగ" అంటే వాదించకండి. ఏ సైజు స్క్రీన్, ఎంత దూరం, ఏ గేమ్ అని మూడు ప్రశ్నలు అడగండి. ఆ మూడింటికీ జవాబు వచ్చాక, వాళ్లను గేమ్‌లో ఒక కరెంటు స్తంభం ముందు నిలబెట్టి ఏఏ ఆఫ్ చేసి నాలుగడుగులు నడవమనండి. మిగతాది ఆ తీగే చెబుతుంది.